మా మరిది లెక్కపెట్టిన వేళ్ళు

మా మరిది గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే ముందు నేను కాసేపు ఆలోచించుకోవాలి. చెడ్డవాడని కాదు. తాగడు, తిరగడు, ఒకరి జోలికి పోడు. కానీ ఆ నోరుంది చూశారూ, దానితోనే వచ్చింది చిక్కంతా. పిసరంత చేసి కొండంత చెప్పుకుంటాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడు పదో తరగతి. నాకు ఎనిమిదో ఏటే జ్వరం వచ్చి చూపు పోయింది. కొత్త కోడలికి గోడలెక్కడున్నాయో గడపలెక్కడున్నాయో అందరూ జాగ్రత్తగా చెబుతుంటే, వీడు మాత్రం నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి, "ఇది నేను బిగించిన స్విచ్చి వదినా, ఇది నేను బాగుచేసిన కుళాయి వదినా" అని వరసగా తాకించి చూపించాడు. ఆ కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది.

వీధిలో వాణ్ణి కాటా మాస్టారు అంటారు. దుకాణాల్లో తూకం వేసే ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేయడం వాడి పని. మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న కొట్టు అది. ఇద్దరు లోపలికి వెళ్తే మూడోవాడు మెట్టు మీద నిలబడాలి. లోపల సోల్డరింగు పొగ వాసన, కాలు కదిపితే తూకం రాళ్ళు. ఆ పనిలో వాడికి వంక పెట్టలేం. గ్రాము తేడా వస్తే కాటా మొత్తం విప్పేస్తాడు. "కాటా అబద్ధం చెప్పకూడదు వదినా" అంటాడు గొంతు పెంచి. కాటా చెప్పకూడదు, ఆయనగారు చెప్పొచ్చు.

అది కూడు పెట్టే పని. ప్రాణం పెట్టే పని ఇంకొకటుంది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి తయారుచేసి, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఊరికే ఇచ్చేసే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుందట. దాని కోడు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా సరిదిద్దొచ్చు. టచ్ తెరలు చేసే కంపెనీలేమో డబ్బుకి అమ్మే పెద్ద కంపెనీల సిస్టమ్‌లకు డ్రైవర్ రాసిచ్చి, ఈ ఊరికే దొరికే దాని మొహం కూడా చూడవు. డ్రైవరంటే తెర మాటల్ని సిస్టమ్‌కి అర్థమయ్యేట్టు చెప్పే దుబాసీ అనుకోండి. ఆ దుబాసీ లేకపోతే మీరు ఎన్ని వేళ్ళతో పొడిచినా తెర అద్దం ముక్కే. అందుకని మా మరిదిలాంటి వాళ్ళు తెర కొనుక్కుని, దాని మీద వేళ్ళు పెట్టి, అది లోపల ఏం గొణుగుతోందో చూసి, డ్రైవర్ సరిచేసి పంపిస్తుంటారు. మెచ్చుకోవాల్సిన పనే, నేను కాదనను. మెచ్చుకోవడానికి వాడు మనకి సందు ఇవ్వడు, అంతే.

ఇల్లంతా తెరలే. ఫ్రిజ్ మీద తెర, మంచం కింద తెర, బీరువాలో నా చీరల మధ్య తెర. మా ఆయన టైలరు. ఒకరోజు ఇస్త్రీ బల్ల మీద గుడ్డ కింద ఉన్న తెరని చూసుకోక వేడి ఇస్త్రీపెట్టె పెట్టేశారు. మా మరిది మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అబ్బ, ఆ మూడు రోజులూ ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!

మూడేళ్ళ కిందట వాడి చేతికి ఒక చవక తెర వచ్చింది. ప్రతి తెరనీ మొదట సిస్టమ్ ఒక ప్రశ్న అడుగుతుందట, ఒకేసారి ఎన్ని వేళ్ళు గుర్తుపడతావని. తెర తనకు చేతనైనంత చెబుతుంది. ఇది మాత్రం సున్నా అంది. వేలు పెడితే పలుకుతోంది, అడిగితే సున్నా అంటోంది. అలాంటప్పుడు ఎవరో ఒకరు వేళ్ళు పెట్టి చూసి, సరైన సంఖ్య డ్రైవర్లో చేత్తో రాయాలి. నేను ఆఫీసులో చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని పని చేసుకుంటున్నాను, ఫోను మోగింది.

"వదినా, పట్టింది! సున్నా సున్నా అని బుకాయించింది కదా, నా దగ్గర కక్కేసింది. ఇదిగో విను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు! ఐదు వేళ్ళూ పట్టింది!"

"శభాష్‌రా" అని పెట్టేశాను. నాకు అవతల పనుంది.

వాడు ఐదని రాసి పంపాడు. ఆ డ్రైవర్లన్నిటినీ చూసుకునే మనిషి ఎక్కడో ఉన్నాడు. మా మరిది ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, గొంతు కూడా వినలేదు, అయినా "పెద్దాయన" అని భక్తిగా అంటాడు. వస్తువు చేతిలో ఉన్నవాడు "నేను పరీక్షించాను" అని పేరు పెడితే తప్ప పెద్దాయన ఏదీ ఒప్పుకోడట. వీడు పేరు పెట్టాడు, ఆయన ఒప్పుకున్నాడు. ఇక చూడాలి మా వాడి ఆర్భాటం! ఆయన ఒప్పుకున్నానని పెట్టిన పేజీ అచ్చు తీయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, కొట్లో తూకం రాళ్ళ పైన వేలాడదీశాడు. కాటా బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళంతా ముందు అది విని తీరాలి. పక్క చెప్పుల షాపాయన పాపం మర్యాదకి "ఇంతకీ ఏం చేశావయ్యా?" అని అడిగాడు. గంట సేపు చెప్పాడు. ఆయన మళ్ళీ ఆ మెట్టెక్కలేదు.

ఇప్పుడు నా సంగతి. తగాదాల విచారణలు జరిగే ఆఫీసులో, ఆ రికార్డింగులు విని టైపు చేసే సెక్షన్ నాది. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. నా కీబోర్డుకి ఆరే మీటలుండేవి. బ్రెయిలీలో ప్రతి అక్షరమూ ఆరు చుక్కల్లో కొన్ని కలిస్తే వస్తుంది కాబట్టి, ఆ చుక్కల మీటల్ని ఒకేసారి నొక్కితే కంప్యూటర్లో మామూలు అక్షరం పడుతుంది. నేను టైపు చేస్తుంటే పక్కవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. గొప్పలు పోతున్నాననుకోకండి, ఆ రోగం మా మరిదిది. ఉన్నమాట చెబుతున్నాను.

ఆ కీబోర్డులకి విడిభాగాలు దొరకడం లేదని అన్నీ తీసేసి, సెక్షన్ మొత్తానికి టచ్ తెరలు తెప్పించాడు మా సూపరింటెండెంటు. తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ తిరిగే మనిషి. తెరలు చవక, సిస్టమ్ ఉచితం, ఇక ఆయన ఆనందానికి హద్దు లేదు. నాలాంటి వాళ్ళు తెర మీదే ఆరు వేళ్ళతో బ్రెయిలీ కొట్టొచ్చట. మొదట ఆరు వేళ్ళూ ఒక్కసారి ఆనించాలి. వేళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకుని టింగుమంటుంది, ఆ తర్వాత కొట్టుకోవచ్చు. నేను ఆనించాను. టింగు లేదు. తుడుచుకుని ఆనించాను. లేదు. చూపున్నవాళ్ళంతా రెండేసి వేళ్ళతో టకటకా పొడుచుకుంటున్నారు, వాళ్ళకే ఇబ్బందీ లేదు. కాబట్టి యంత్రం బంగారం. లోపమంతా నాలోనే.

"వయసు మీద పడింది కదమ్మా, వేళ్ళలో పట్టు తగ్గుతుంది" అన్నాడు సూపరింటెండెంటు. వేళ్ళలో పట్టు! ఆయన గొంతులో జాలి వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. నా సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం రాసి, తనే చదివి, కింద వేలిముద్ర వేయమన్నాడు. నాకు సంతకం వచ్చని చెప్పి సంతకం పెట్టాను. "కొత్త యంత్రముపై పనిచేయుటకు వేళ్ళ పట్టు చాలదు." అదీ ఆ వాక్యం. వచ్చే శుక్రవారం ఆఖరి పరీక్ష పెడతామన్నాడు. "అందులో కూడా కాకపోతే వాకబు కిటికీ దగ్గర నీకో కుర్చీ వేయిస్తాను. పనేమీ ఉండదు. హాయిగా కూర్చో. జీతం ఎక్కడికీ పోదు."

కూర్చోబెట్టి జీతమిస్తారట! బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఈ లోకంలో ఒకరి సాయం లేకుండా నేను చేయగలిగిన పని అదొక్కటే. అది కూడా నా చేతుల్లోంచి లాగేసి, పైగా హాయిగా కూర్చోమంటాడేమిటి?

సాధన చేసుకోమని తెరనీ దాని కంప్యూటర్నీ ఇంటికిచ్చారు. ఆదివారం పొద్దున్నే మా మరిది ముందు పెట్టాను. వాడు దాన్ని తిరగేసి వెనక నంబరు చదివాడు. చదివి గెంతినంత పని చేశాడు.

"వదినా, ఇది నా తెర! అంటే మీ ఆఫీసు మొత్తం నా డ్రైవర్ మీద నడుస్తోందన్నమాట! చెప్పవేం?"

"నాకేం తెలుసు? ముందు ఇది ఎందుకు టింగుమనడం లేదో చూడు."

ఆనించాను. చడీచప్పుడు లేదు. ఇక మొదలుపెట్టాడు. నా వేళ్ళు పొడిబారాయన్నాడు, తడిచేసుకున్నాను. తడి ఎక్కువైందన్నాడు, తుడుచుకున్నాను. ఫ్యాను ఆపమన్నాడు. గాజులు తీయమన్నాడు. వేళ్ళు మరీ దగ్గరగా పెట్టానన్నాడు, మరీ ఎడంగా పెట్టానన్నాడు. చివరికి కొంచెం నిటారుగా కూర్చోమన్నాడు.

"నిటారుగా కూర్చుంటే కొత్త వేళ్ళు మొలుస్తాయిరా?" అన్నాను.

అప్పుడు గానీ లాప్‌టాప్ తగిలించి, తెర లోపలినుంచి ఏం వస్తోందో చూడలేదు మహానుభావుడు. కాసేపు టకటక కొట్టి, "ఐదే వస్తున్నాయి. అంతేలే వదినా, ఈ తెరకి ఐదే. డ్రైవర్లో రాసే ఉంది" అన్నాడు.

"ఎవరు రాశారు?"

టకటక ఆగిపోయింది.

"నేనే."

"ఎన్ని వేళ్ళు పెట్టి చూశావు?"

"ఐదు."

"ఆరోది పెట్టి చూశావా?"

"లేదు."

"రెండో చెయ్యి ఏమైందిరా?"

"ఫోను పట్టుకున్నా."

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నీతోనే వదినా."

నవ్వాలో, చేతిలో ఉన్న తెర ఎత్తి వాడి నెత్తిన వేయాలో తెలియలేదు. రెండో చేతికి తీరిక లేదు కాబట్టి ప్రపంచంలో ఆ తెర కొన్న ప్రతివాడికీ ఐదు వేళ్ళే మిగిల్చాడు. దానికి నేను శభాష్ అన్నాను! ఆ శభాష్ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

"దీనికింత గొడవెందుకు, ఆరని మార్చేస్తాను. నీ పని జరిగిపోతుంది" అన్నాడు, తేలిగ్గా.

"ఒరేయ్, కొత్త కాటా ఎంత బరువు మోస్తుందో ఎలా తెలుసుకుంటావు?"

"మోయలేనంత పెడతా. ఎక్కడ చేతులెత్తేస్తుందో అదే దాని లెక్క."

"మరి వేళ్ళ దగ్గరికొచ్చేసరికి నీ బుద్ధి ఏ గడ్డి తినబోయింది?"

ముందు లాప్‌టాప్‌లో ఆ ఐదు అనే హద్దు తీసేయించాను. నేను నా పది వేళ్ళూ తెర మీద పరిచాను. ఒక్కొక్కటే లెక్కపెట్టమన్నాను, ఫోను దూరంగా పెట్టి మరీ. పదీ పట్టింది. అప్పుడు మా ఆయన్ని పిలిచాను. కత్తెర పక్కన పెట్టి వచ్చి, సూదులు గుచ్చుకుని మొద్దుబారిన వేలొకటి నా వేళ్ళ మధ్య సందు చూసి ఆనించారు. పదకొండోది పట్టలేదు. వేళ్ళు మార్చి మార్చి నాలుగుసార్లు చూశాం, ఎప్పుడూ పది దగ్గరే ఆగింది.

"పది" అన్నాడు మా మరిది. వాడి గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి.

పెద్దాయనకి ఉత్తరం రాయడం ఇంకో ప్రహసనం. రాసింది రాసినట్టు చదివి వినిపించమన్నాను. "తయారీ కంపెనీ సరైన వివరాలు ఇవ్వకపోవడం వలన" అని మొదలెట్టాడు. కొట్టేయమన్నాను. "ఇటీవల వస్తున్న కొత్త తెరలలో" అన్నాడు. ఇది మూడేళ్ళ నాటి తెరే కదా అన్నాను. మా ఆయన మిషను ఆపేసి మరీ నవ్వుతున్నారు. చివరికి, "మొదటి లెక్క తప్పు. ఒక చేత్తోనే పరీక్షించాను" అని రాసేసరికి మధ్యాహ్నమైంది. పరీక్షించినవాళ్ళ పేరు దగ్గర ఈసారి నా పేరు పెట్టించాను.

మర్నాడే పెద్దాయన ఒప్పుకున్నాడు. ఒక్క మాట కూడా దెప్పలేదట. కానీ ఆ మార్పు అన్ని మెట్లూ దిగి మా ఆఫీసు తెరల దాకా రావడానికి మూడు వారాలు పడుతుంది. పరీక్ష శుక్రవారం. మా మరిది ఇంట్లోనే సరిచేసి ఇస్తానన్నాడు గానీ, బయటివాళ్ళు వేలు పెట్టిన యంత్రం లోపలికి రానివ్వనని సూపరింటెండెంటు తెగేసి చెప్పాడు.

"అయితే నువ్వే వచ్చి జరిగింది చెప్పు" అన్నాను వాడితో.

"పెద్దాయనకి చెప్పాగా వదినా. ఇంకా అందరి ముందా?" అని గింజుకున్నాడు. "మీ ఆఫీసుకి వచ్చేవాళ్ళలో సగం మంది మన బజారు దుకాణాలవాళ్ళే. వేళ్ళు లెక్కపెట్టడం రానివాడి చేతికి రేపు కాటా ఎవరిస్తారు?"

వాడి భయం ఉత్త భయం కాదు. నాకు తెలుసు. అయినా అన్నాను. "నీ తప్పుకి నా వేళ్ళు చచ్చుపడ్డాయని రాశారు. నీ కొట్టు ఉంటుందో పోతుందో, శుక్రవారం నా కుర్చీ మాత్రం ఖాయంగా పోతుంది. ఆ పైన నీ ఇష్టం." వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. శుక్రవారం దాకా నా గది ఛాయలకు రాలేదు.

శుక్రవారం పదకొండింటికి సెక్షన్ అంతా చూస్తుండగా ఆరు వేళ్ళూ ఆనించాను. తెర పలకలేదు. మళ్ళీ ఆనించాను. ఎవరో జాలిగా నాలుక చప్పరించారు. సూపరింటెండెంటు సర్వీసు పుస్తకం తెరిచాడు, పేజీలు చప్పుడయ్యాయి.

"సార్, ఒక్కసారి మీ ఆరు వేళ్ళు పెట్టండి" అన్నాను.

"నేనా? నాకెందుకమ్మా?"

"మీ పట్టు కూడా చూద్దాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇక తప్పక పెట్టాడు. గట్టిగా అదిమి పెట్టాడు, బల్ల కిర్రుమంది. టింగు లేదు. "ఇది... ఏదో చిన్న సాంకేతిక..." అని ఆయన నసుగుతుంటే వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. కుడి చెప్పు ఈడ్చే ఆ నడక ఎవరిదో నాకు చెప్పక్కర్లేదు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఈవిడ మరిదినండి. బజార్లో కాటాలు బాగుచేస్తాను. ఈ తెర ఐదు వేళ్ళే పడుతుందని రాసింది నేనేనండి. అది తప్పండి." ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పెద్దాయన ఒప్పుకున్న పేజీ అచ్చు తీసి తెచ్చాడు, బల్ల మీద పెట్టాడు. సూపరింటెండెంటు దాన్ని చాలాసేపు చదివాడు. అర్థమైందో లేదో గానీ, ఇప్పుడే తన వేళ్ళు కూడా పట్టలేదు కాబట్టి కాదనలేకపోయాడు. తెరలు సరయ్యేదాకా పరీక్ష వాయిదా అన్నాడు. ఆ పరీక్ష తర్వాత జరిగింది, టింగుమంది, నా కుర్చీ నాకే ఉంది. కానీ నాకు ఆ రోజు అది చాలలేదు.

"ఆ పుస్తకంలో రాసింది కొట్టేయండి సార్" అన్నాను.

"సర్వీసు పుస్తకంలో కొట్టివేతలు కుదరవమ్మా. కావాలంటే బాధ్యుడైన వ్యక్తి కింద వివరణ రాసి సంతకం పెట్టొచ్చు."

"వీడే బాధ్యుడు. రాస్తాడు."

మా మరిది కలం అడిగి తీసుకున్నాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు కలం ఆగింది, నేను కదలకుండా కూర్చున్నాను. సంతకం పెట్టి, "అయిపోయింది వదినా" అన్నాడు.

"సార్, నాకు కనపడదు కదా" అన్నాను. "ఏం రాశాడో కొంచెం గట్టిగా చదవండి. పైన మీరు రాసింది కూడా కలిపి చదవండి."

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "కొత్త యంత్రముపై పనిచేయుటకు వేళ్ళ పట్టు చాలదు" అని తన వాక్యం గబగబా నమిలేసి, కింది దానికొచ్చాడు. "ఈ తెరకు ఐదు వేళ్ళేనని తప్పుగా రాసింది నేను. ఒక చేత్తో ఫోను పట్టుకుని గొప్పలు చెప్పుకుంటూ, రెండో చేత్తో లెక్కపెట్టాను. మా వదిన వేళ్ళు పదీ సరిగ్గా ఉన్నాయి."

గొప్పలు చెప్పుకుంటూ అని నేను రాయమనలేదు. వాడంతట వాడే రాశాడు. పక్కన నిలబడ్డవాడి చెయ్యి వెతికి పట్టుకున్నాను.

"వెనక వరసవాళ్ళకి వినపడలేదు సార్" అన్నాను. "మీది కూడా కలిపి, ఇంకోసారి చదవండి. ఈసారి నిదానంగా."